యుద్ధంలో పోయిన మన గ్రౌండు ఆటగాళ్లకి ఫలకం పెట్టాలి. బేస్‌బాల్ వాళ్లు ఇలాంటివి ఎలా చేశారో తెలిసినవాళ్లు చెప్పండి

డ్రిల్లు మాస్టారు, పర్లాకిమిడి:

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి దగ్గర ఒక హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. వాలీబాల్, కబడ్డీ ఎలాగూ ఉన్నాయి, కొన్నేళ్లుగా సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ కూడా ఆడిస్తున్నాను. స్కూల్ గేమ్స్‌లో ఆ రెండూ ఉన్నాయి, పోటీకి వచ్చే స్కూళ్లు తక్కువ, మా పిల్లలకి జిల్లా దాటే ఛాన్సు ఎక్కువ. అసలు కారణం అదే, దాచుకోవడం దేనికి. బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్‌కి మాస్కు ఒక్కటే ఉంది. దాని పట్టీ తెగిపోతే సైకిల్ ట్యూబు కోసి కట్టాం, బాగానే ఆగుతోంది.

విషయానికొస్తాను. సంక్రాంతి టోర్నమెంటుకి మా యూత్ క్లబ్బువాళ్లు గ్రౌండు గేటు దగ్గర ఒక శిలాఫలకం పెట్టాలనుకుంటున్నారు. ఈ గ్రౌండులో ఆడి, మిలటరీకి వెళ్లి, తిరిగి రానివాళ్ల పేర్లతో. మాకు తెలిసి ఇద్దరున్నారు. ఒకాయన వాలీబాల్ లిఫ్టర్, అంటే షాట్ కొట్టేవాడికి బంతి లేపి ఇచ్చే ఆటగాడు, వయసులో నాకంటే పెద్ద, 1999లో కార్గిల్‌లో పోయారు. రెండోవాడు నా దగ్గర కబడ్డీ నేర్చుకున్న కుర్రాడు. సియాచిన్‌లో మంచుచరియ మీద పడింది.

కమిటీలో రెండు గొడవలు. మంచు కింద పోతే యుద్ధంలో పోయినట్టా, అన్నది మొదటిది. రెండోది ఇంకా చిరాకు. ఆ లిఫ్టరు జిల్లా జట్టుకి ఒకే ఒక్క మ్యాచ్ ఆడారు, అదీ సబ్‌స్టిట్యూట్‌గా. ఆయన పేరు ముందు 'ప్రముఖ క్రీడాకారుడు' అని చెక్కిస్తే పక్క ఊళ్లవాళ్లు నవ్వుతారని ఒకరు, చెక్కించకపోతే ఇక ఫలకం దేనికని ఇంకొకరు.

ఈ మధ్య ప్రాక్టీసులో మా పిచర్, అదే బంతి విసిరే కుర్రాడు అడిగాడు: "సార్, బేస్‌బాల్ ఆడేవాళ్లలో కూడా ఇలా యుద్ధానికెళ్లి చచ్చిపోయినవాళ్లు ఉన్నారా?" ఉండే ఉంటారన్నాను, అంతకంటే చెప్పలేకపోయాను. ఆవిష్కరణ రోజు మైకులో పిల్లలకి నాలుగు మాటలు చెప్పాలి. 'దేశం కోసం ప్రాణాలర్పించిన' అని మొదలెట్టానంటే వెనక వరసలో వేరుశనక్కాయలు వలుచుకోవడం మొదలవుతుంది. కాస్త పనికొచ్చే సంగతులు చెప్పండి.

గుణుపురం బస్టాండ్:

మాస్టారూ, ఏమీ అనుకోకండి. అమెరికావాళ్ల ఆట సంగతి మనకెందుకు? ఫలకం ఖర్చుతో నెట్లొస్తాయి, బంతులొస్తాయి. ఫలకమంటారా, మొదటి ఏడు పూలదండ, రెండో ఏడు పాన్ మరకలు, మూడో ఏడు దాని మీద ఎలక్షన్ పోస్టరు. మా ఊళ్లో చూస్తూనే ఉన్నాం.

స్కోరుబుక్కు, బరంపురం:

గుణుపురం బాబూ, నెట్లూ కొనవచ్చు, ఫలకమూ పెట్టవచ్చు. పోస్టర్ల సంగతి మాత్రం నిజం, దానికి మళ్లీ వస్తాను.

మాస్టారూ, నేను బరంపురంలో క్రికెట్ లీగ్ మ్యాచ్‌లకి స్కోరు రాస్తుంటాను. పొట్టకూటికి వేరే ఉద్యోగం ఉంది, ఇది పిచ్చి. షామియానా కింద రంగు పెన్నులు పరుచుకుని కూర్చుంటే, గాలి ఇటు తిరిగినప్పుడు గోపాల్‌పూర్ వైపు ఆర్మీవాళ్ల ఫైరింగ్ చప్పుడు వినిపిస్తుంది. అంపైరు ఒక్క క్షణం అటు చూసి మళ్లీ ఆటలో పడతాడు. నాలాంటివాడి చేతికి బేస్‌బాల్ స్కోర్‌షీటు చిక్కితే ఇంకేముంది, ఆట సరిగా చూడకముందే షీట్లు చదవడం మొదలెట్టాను. పిచర్‌కి 1, క్యాచర్‌కి 2, షార్ట్‌స్టాప్‌కి 6, ఇలా ప్రతి ఫీల్డరుకీ ఒక నంబరు. 6-4-3 అని రాస్తే చాలు, బంతి ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్లి ఇద్దరు అవుటయ్యారో కళ్లకి కట్టేస్తుంది. మీ పిల్లలకి స్కోరు రాయడం కూడా నేర్పండి, అది వేరే సంగతి.

మీ రెండో గొడవ ముందు తీసుకుంటాను. దానికి ఒక మనిషే జవాబు. హ్యారీ ఓనీల్ అని ఫిలడెల్ఫియా కుర్రాడు, క్యాచర్. 1939 జులై 23న ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టు డెట్రాయిట్‌లో చిత్తుగా ఓడిపోతోంది. ఆఖరికి 16-3. ఎలాగూ పోయిన మ్యాచే కదా అని చివర్లో ఆడుతున్న క్యాచర్ని కూర్చోబెట్టి ఇతన్ని దింపారు. కాసేపు మాస్కు పెట్టుకుని బంతులు పట్టాడు. బ్యాటింగ్ వంతు రాకుండానే ఆట అయిపోయింది. ఆ తరవాత మేజర్ లీగ్‌లో, అంటే అమెరికా బేస్‌బాల్ పైస్థాయిలో, మళ్లీ ఆడలేదు. రికార్డులో ఆ పేరు ఎదురుగా మ్యాచ్‌లు 1 అని ఉంటుంది, పక్కన బ్యాటింగ్ గళ్లన్నీ సున్నాలు. తరవాత మెరైన్స్‌లో చేరాడు. సైపాన్‌లో గాయపడి, కోలుకుని మళ్లీ వెళ్లాడు. 1945 మార్చి 6న ఇవోజిమా దీవిలో చనిపోయాడు. అప్పటికి 27 ఏళ్లు.

మీ లిఫ్టరు మాట చదవగానే నాకు ఈయనే గుర్తొచ్చాడు. ఆ రికార్డు రాసినవాళ్లెవరూ 'ప్రముఖ' అని చేర్చలేదు, ఒక్క మ్యాచే కదా అని కొట్టేయనూ లేదు. ఆడింది ఒకటి, ఒకటే రాశారు. మీరూ అలాగే చెక్కించండి: జిల్లా జట్టుకి 1 మ్యాచ్. నవ్వేవాళ్లు నవ్వనీండి, ఆ ఒక్క మ్యాచ్ ఆడడానికి వాళ్లని ఎవరూ పిలవలేదు కదా.

రెండో ప్రపంచ యుద్ధంలో మేజర్ లీగ్ ఆటగాళ్లు 500 మందికి పైగా సైన్యంలో పనిచేశారు. వాళ్లలో పోరులో చనిపోయింది ఇద్దరే. ఓనీల్ ఒకడు, రెండోవాడు ఎల్మర్ గెడియన్. ఇతనూ పెద్ద పేరున్నవాడేం కాదు. వాషింగ్టన్ సెనేటర్స్‌కి 1939 సెప్టెంబరులో 5 మ్యాచ్‌లు, 15 బ్యాటింగ్ వంతుల్లో (ఎట్‌బ్యాట్స్) 3 హిట్లు, అంతే లెక్క. కాలేజీలో మాత్రం హర్డిల్స్‌లో మొనగాడు. 1942లో ట్రైనింగ్‌లో ఇతను ఎక్కిన విమానం కూలి మంటలంటుకుంది. బయటపడ్డాడు. లోపల ఒకడు ఇరుక్కుపోయాడని తెలిసి, విరిగిన పక్కటెముకలతో మళ్లీ మంటల్లోకి పాకి వెళ్లి అతన్ని లాక్కొచ్చాడు. పతకం ఇచ్చారు. 1944 ఏప్రిల్ 20న ఫ్రాన్స్ మీద బి-26 బాంబర్ నడుపుతుండగా కింది నుంచి కొట్టి పడేశారు. 27వ పుట్టినరోజు వెళ్లి 5 రోజులే అయింది. మీ వెనక వరస పిల్లలకి ఈ మంటల సంగతి చెప్పండి, వేరుశనక్కాయలు ఆగుతాయి.

ఇవి పైస్థాయి లెక్కలు. చిన్న ఊళ్ల జట్లలో జీతానికి ఆడే మైనర్ లీగ్ వాళ్లలో వందమందికి పైనే పోయారు. మీ ఫలకం మీది ఇద్దరికీ దగ్గరివాళ్లు నిజానికి వీళ్లే.

మంచు సంగతి తేల్చాల్సింది మిలటరీ తెలిసినవాళ్లు. బేస్‌బాల్ వైపు నుంచి రెండు ఉదాహరణలు మాత్రం చెప్తాను. క్రిస్టీ మాథ్యూసన్, 373 మ్యాచ్‌లు గెలిపించిన పిచర్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లి, అక్కడ ట్రైనింగ్‌లో విషవాయువు పీల్చాడు. ఇంటికొచ్చాక క్షయ. 1925లో పోయాడు, అంటే యుద్ధం ముగిసిన ఏడేళ్లకి. అయినా యుద్ధానికి బలైన ఆటగాళ్ల మాట వచ్చినప్పుడల్లా ఆయన పేరు వస్తుంది. బాబ్ నైబర్స్ అని సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌కి 7 మ్యాచ్‌లు ఆడినవాడు, 1952లో కొరియా మీద రాత్రిపూట బాంబర్‌లో వెళ్లి తిరిగి రాలేదు. మొదట జాడ తెలియదన్నారు, తరవాత చనిపోయినట్టు ప్రకటించారు. ఎలా పోయారన్నది ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. గ్రౌండు మాత్రం ఆటగాడిగానే పంపించింది.

క్రికెట్‌వాణ్ని కాబట్టి ఒక ముక్క. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ఆటగాళ్ల వివరాలు విజ్డెన్ అనే ఇంగ్లండ్ క్రికెట్ వార్షిక గ్రంథం ఏటా వేసింది. ఇంగ్లీషు కవి రూపర్ట్ బ్రూక్‌కి కూడా చోటిచ్చింది. అందులో ముందు రాసింది స్కూలు జట్టు బౌలింగ్: 19 వికెట్లు, సగటు 14.05. కవిగా పేరుందన్న సంగతి ఆ తరవాతే. అది చదివిన రోజు నాకు భోజనం సయించలేదు, సంతోషంతో.

కాబట్టి మైకులో ముందు ఆట చెప్పండి. మీ లిఫ్టరు బంతి ఎలా లేపేవారు, ఎవరికి లేపేవారు? పోయిన తీరు ఆఖర్న ఒక్క వాక్యం చాలు.

మాజీ హవల్దార్, జయపురం:

మాస్టారు గారికి నమస్తే. మంచు గొడవకి నా జవాబు. సియాచిన్‌లో మనవాళ్లు ఉన్నది 1984 ఏప్రిల్ 13న మొదలైన ఆపరేషన్ మేఘదూత్ కింద. అక్కడ శత్రువు తూటా కంటే చలి, మంచు, ఎత్తు తీసుకున్న ప్రాణాలే ఎక్కువ. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో గ్రానైట్ పలకల మీద మేఘదూత్‌లో పోయినవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. ఢిల్లీలో చోటిచ్చాక మన గేటు దగ్గర ఇవ్వం అనడానికి కమిటీ ఎవరండీ? నేను అంత ఎత్తులో పోస్టింగు చేసినవాణ్ని. అక్కడ స్టవ్ మీద మంచు కరిగించి గ్లాసు నీళ్లు చేసుకునేసరికి సగం పూట పోతుంది. ఆ కుర్రాడి పేరు తీసేస్తే ఫలకం మొత్తం తీసేయమనండి.

చెక్కించే ముందు జిల్లా సైనిక్ బోర్డుకి వెళ్లి ర్యాంకు, యూనిట్, తేదీ సరిచూసుకోండి. నాయక్‌ని లాన్స్ నాయక్ అని రాస్తే పైకి ఎవరూ ఏమీ అనరు గానీ, ఆ యూనిట్‌వాళ్లు ఎవరైనా వచ్చి చదివితే మనసుకి కష్టంగా ఉంటుంది.

మన తెలుగువాళ్ల పేర్లతో ఇంకో తలనొప్పి ఉంది. ఇంటిపేరు ముందు వస్తుంది కదా, రికార్డులో అది ఒక్క అక్షరం అయిపోయి, 'రావు'నో 'నాయుడు'నో ఇంటిపేరు చేసేస్తారు. అలా వెతికితే మనిషి దొరకడు. తండ్రి పేరుతో, ఊరి పేరుతో వెతకాలి. పాత యుద్ధాల వాళ్ల కోసం చూస్తే ఒడిశా అని చూడకండి. 1936 ఏప్రిల్ 1కి ముందు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్లుంటే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితాలో 'గంజాం, మద్రాసు' కింద తేలతారు. మీ గ్రౌండులో అప్పుడు ఏ ఆట ఆడేవారో మీ పెద్దవాళ్లనే అడగాలి.

ఫలకం మీద ఒడియాలోనూ తెలుగులోనూ రాయించండి. రెండూ ఇంటివాళ్లకి చూపించాకే రాయి కోయించండి.

కాశీనగర్ ఆడపడుచు:

ఈ చర్చ మా వదిన పంపింది. మా అన్నయ్య ఫుట్‌బాల్ గోల్‌కీపర్. కశ్మీర్‌లో పోయాడు. ఇంటివాళ్ల తరఫున రెండు మాటలు చెప్తాను, మాస్టారూ.

ఏటా ఆగస్టు 15కి ఎవరో ఒకరు పిలుస్తారు. శాలువా కప్పుతారు, ఫోటో తీసుకుంటారు, ఉపన్యాసం మధ్యలో అన్నయ్య పేరు తప్పు చదువుతారు. శాలువాలు బీరువా నిండిపోయాయి. మా అమ్మ చలికాలం రాగానే వీధిలో ముసలాళ్లందరికీ పంచేస్తుంది, ఆ వంకతో ఊరికి మేలు జరిగింది. ప్రతివాళ్లూ యూనిఫారం ఫోటోయే అడుగుతారు. మోకాళ్ల దాకా బురదతో, చంకలో బంతితో, టీముతో కలిసి నవ్వుతున్న ఫోటో ఉంది. అది ఇమ్మని ఒక్కరూ అడగలేదు. అందులో వాడి ఎడమ చేతి గ్లవ్ చిరిగి ఉంటుంది. అమ్మ కుట్టింది, మళ్లీ చిరిగింది.

రెండోది, పోయిన తేదీన టోర్నమెంటు పెట్టకండి. ఆ రోజు మా అమ్మ అన్నం ముట్టదు. స్టేజి మీదకి రమ్మంటే కాదనలేక వస్తుంది, ఇంటికొచ్చాక రెండు రోజులు లేవదు. మీరు సంక్రాంతి అంటున్నారు, అది మంచిదే.

డ్రిల్లు మాస్టారు, పర్లాకిమిడి:

అమ్మా, మీరు చెప్పిన రెండూ కమిటీలో చదివి వినిపించాను. లిఫ్టరు గారి తమ్ముడి ఇంటికి వెళ్లి టీము ఫోటో అడిగాం. ట్రంకుపెట్టె అడుగున దొరికింది. చెమ్మకి ఒక మూల పోయింది గానీ మొహాలన్నీ ఉన్నాయి. హవల్దార్ గారూ, సియాచిన్ గొడవ మీ మాటతో తీరిపోయింది. గట్టిగా అరిచినాయనే ఇప్పుడు ఆ కుర్రాడి పేరు ముందు ఉండాలంటున్నాడు.

బరంపురం సార్, ఆట చెప్పమన్నారు కదా. సాయంత్రం మా గ్రౌండులోకి మహేంద్రతనయ వైపు నుంచి గాలి వస్తుంది. ఎత్తుగా లేపిన బంతి ఆ గాలికి నెట్ దాటిపోతుంది. మొదటి సెట్ అయ్యేసరికి ఆయన ఎత్తు తగ్గించేసేవారు, నెట్‌కి మూరెడు పైన, అంతే. అవతలివాళ్లు బ్లాక్ చేయడానికి ఇటు దూకితే వీపు వెనక్కి లేపేవారు. మేము అటు చూసేసరికి షాట్ పడిపోయేది. నేను వెనక లైన్లో బంతులు ఏరే కుర్రాణ్ని, అన్నీ దగ్గర్నుంచి చూశాను. ఇక మా కబడ్డీవాడు బోనస్ గీత దాటి ఎప్పుడూ ఎడమకాలి మునివేళ్లే మోపేవాడు. ఎందుకురా అంటే, కుడికాలు పారిపోవడానికి ఉంచుకున్నాను సార్ అనేవాడు.

ఇంతకీ పోస్టర్ల సంగతికి మళ్లీ వస్తానన్నారు?

స్కోరుబుక్కు, బరంపురం:

వస్తున్నాను. ఎడ్డీ గ్రాంట్ అని న్యూయార్క్ జెయింట్స్ థర్డ్ బేస్‌మన్. హార్వర్డ్‌లో లా చదివాడు, 1915లో ఆట మానేసి వకీలు అయ్యాడు. యుద్ధం రాగానే సైన్యంలో చేరాడు. 1918 అక్టోబరు 5న ఫ్రాన్స్‌లో ఆర్గాన్ అడవిలో, శత్రువుల మధ్య చిక్కుకున్న తమ దళాన్ని వెతుకుతూ వెళ్తుండగా పోయాడు. జెయింట్స్ వాళ్లు 1921 మే 30న తమ సొంత మైదానం పోలో గ్రౌండ్స్‌లో ఆయనకి ఫలకంతో ఒక స్తంభం కట్టారు. గేటు దగ్గర కాదు, మైదానం లోపలే, సెంటర్ ఫీల్డులో. అంత దూరం కొట్టేవాళ్లు అరుదు గానీ, కొడితే ఫీల్డరు ఆ రాయి చుట్టూ తిరిగి బంతి తీసుకోవాల్సిందే.

1957లో జట్టు ఆ ఊరే వదిలి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లిపోయింది. ఆఖరి మ్యాచ్ అవగానే జనం మైదానంలోకి దూకి చేతికందింది పీక్కుపోయారు, గడ్డితో సహా. ఫలకం మాయం. 2006లో దాని నకలు చేయించి కొత్త ఊరి స్టేడియంలో పెట్టారు. గుణుపురం బాబు భయం అమెరికాలోనూ నిజమైంది. అందుకే ఫలకం మీద చెక్కించేదంతా ముందు స్కూలు రిజిస్టర్లో రాసి పెట్టండి. ఆ టీము ఫోటో స్కాన్ చేయించి మూడు నాలుగు ఇళ్లలో ఉంచండి. మా దగ్గర పాత స్కోరుబుక్కులు సగం చెదలు తినేశాయి. ఆ ఏళ్లలో ఎవరెవరు ఆడారో ఇప్పుడు ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్తారు.

ఇంకో దారి కూడా ఉంది. జపాన్‌లో ఎయిజి సవమురా అనే పిచర్, 1934లో 17 ఏళ్ల వయసులో అమెరికా నుంచి వచ్చిన జట్టులో బేబ్ రూత్, లూ గెరిగ్ సహా నలుగుర్ని వరసగా స్ట్రైకవుట్ చేశాడు, అంటే బంతి కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. 1944 డిసెంబరు 2న ఇతను ఎక్కిన సైనిక ఓడని టార్పెడోతో ముంచేశారు. 1947 నుంచి అక్కడ ఉత్తమ పిచర్‌కి ఇచ్చే అవార్డు ఇతని పేరు మీదే. ఓనీల్, సవమురా ఒకే యుద్ధంలో చెరో పక్షాన పోయారు. పిల్లలకి ఇద్దరి గురించీ చెప్పండి, ఒక్కరి గురించే చెప్పి ఊరుకోకండి.

స్టాక్‌టన్ అని కాలిఫోర్నియాలో ఒక ఊరుంది. 1942లో పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవిలో పోయిన బిల్లీ హెబర్ట్ పేరు అక్కడి గ్రౌండుకే పెట్టారు. ఆయన మేజర్ లీగ్ దాకా వెళ్లనేలేదు.

మీకు గ్రౌండు పేరు మార్చడం కుదరకపోవచ్చు, అది ఆఫీసుల చుట్టూ తిరిగే పని. కప్పు మాత్రం మీ చేతిలో ఉంది. టోర్నమెంటులో మంచి లిఫ్టరుకి ఆయన పేరున ఒక కప్పు, ఎక్కువ బోనస్ పాయింట్లు తెచ్చిన రైడరుకి ఆ కుర్రాడి పేరున ఒకటి. 'మ్యాన్ ఆఫ్ ది సిరీస్' వద్దు. అది షాట్లు కొట్టేవాడికే పోతుంది, లిఫ్టరుకి ఎప్పుడూ రాదు. ఇస్తున్నప్పుడు, నెట్‌కి మూరెడు పైన బంతి లేపిన మనిషి పేరు మీద ఇస్తున్నామని మైకులో చెప్పండి.

డ్రిల్లు మాస్టారు, పర్లాకిమిడి:

కప్పుల మాట కమిటీ ఒప్పుకుంది. ఫలకం మీద రాత ఇలా అనుకుంటున్నాం: ఇంటిపేరుతో పూర్తి పేరు, ఆట, ఆడిన స్థానం, ఏ జట్టుకి ఎన్ని మ్యాచ్‌లు, కింద ర్యాంకు, యూనిట్, పోయిన చోటు, సంవత్సరం. 'ప్రముఖ' తీసేశాం. ర్యాంకులు సైనిక్ బోర్డు నుంచి రావాలి, వచ్చాకే రాయి. నెట్లు కూడా కొంటున్నాం, గుణుపురం బాబుకి ప్రత్యేకంగా తెలియజేస్తున్నాను.

గుణుపురం బస్టాండ్:

చదివాను మాస్టారూ. బయటి టీములకి ఎంట్రీ ఫీజు ఎంత? మా లిఫ్టరు పొట్టివాడు గానీ, ఆ కప్పు మాత్రం ఈ ఏడు గుణుపురం వస్తుంది.